కాలిన గాయానికి పూత వద్దు.. పొర ఉంది!

సంగటి ఎసరు ఒలికి పిల్లాడి చెయ్యి కాలిందనుకోండి. కనగానపల్లిలోనైనా, ధర్మవరంలోనైనా ముందుగా అందుకునేది టూత్‌పేస్టు, పసుపు, ఇడ్లీ పిండి.. కొన్ని ఇళ్లలో సిరా! వీటితో గాయం మానదు సరికదా, మంచి చికిత్సకు అడ్డు పడుతుంది. ఎందుకంటే ఇప్పుడు వాడుతున్న బయోసింథటిక్ డ్రెస్సింగ్ అతుక్కోవాలంటే గాయం తాజాగా, శుభ్రంగా ఉండాలి.

మామూలు గాజుగుడ్డ పుండుకు అంటుకుపోతుంది. కట్టు మార్చినప్పుడల్లా కొత్తగా పుట్టిన చర్మాన్నీ లాగేస్తుంది. ఆసుపత్రి అంటేనే పిల్లలు బెదిరిపోయేది అందుకే. ఈ పొరను మాత్రం గాయం కడిగాక ఒక్కసారి అతికిస్తారు. కింద చర్మం పెరిగేకొద్దీ దానంతట అదే ఊడుతుంది. సాధారణంగా రెండు వారాల్లోపే. ఈ రకంలో పేరున్న బయోబ్రేన్‌లో పలుచని సిలికాన్ పొర, దానికి నైలాన్ వల, ఆ వలకు పంది నుంచి తీసిన కొల్లాజెన్ ఉంటాయి. మన దేశంలో ఎక్కువగా దొరికేవి పశువుల నుంచో, చేపల నుంచో తీసిన కొల్లాజెన్ షీట్లు. మీకు పట్టింపులున్నా, అలర్జీలున్నా ముందే డాక్టరుకు చెప్పండి. జంతు పదార్థం లేని పాలీల్యాక్టిక్ ఆమ్లం పొరలూ ఉన్నాయి. ధర్మవరం వాళ్లకు నచ్చే సంగతి ఒకటి: పట్టులోని ప్రొటీన్‌తోనూ ఇలాంటి పొరల మీద పరిశోధనలు సాగుతున్నాయి.

అయితే ఇది అన్ని గాయాలకూ కాదు. ఎర్రగా, తడిగా, బొబ్బలెక్కి, ముట్టుకుంటే మండే పైపై గాయాలకే. అదీ మొదటి ఒకటి రెండు రోజుల్లో వేస్తేనే మేలు. తెల్లగానో, తోలులా గట్టిగానో మారి నొప్పి తెలియకపోతే లోతుగా కాలినట్టే. దానికి చర్మం అతికే ఆపరేషన్ అవసరం కావచ్చు. ‘నొప్పి లేదు కదా’ అని ఊరుకోకండి.

కాలిన వెంటనే గాజులు, ఉంగరాలు తీసేసి 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. ఐసు వద్దు. మూడు గంటల్లోపు ఎప్పుడు చేసినా ఉపయోగమే. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి వెళ్లండి. ముఖం కాలినా, కరెంటుతో కాలినా, గాయం పెద్దదైనా 108కి ఫోన్ చేయండి. పొర ఖరీదైనదే, అన్నిచోట్లా ఉండదు. ధర్మవరంలో లేకుంటే అనంతపురంలో వాకబు చేయండి. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) వర్తిస్తుందేమో కూడా అడగండి.

పొర వేశాక దాన్ని తడపకూడదు, పీకకూడదు. కింద చీము చేరినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా అదే రోజు డాక్టరుకు చూపించండి.