ఆరు నెలలు బాగున్న పాప తర్వాత ఎందుకు పాలిపోతుంది? తలసేమియా, ఒక జన్యువు, నిఖాకు ముందు ఒక పరీక్ష

పుట్టినప్పుడు పాప బాగానే ఉంటుంది. పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది. ఆరో నెల దాటాక మెల్లగా పాలిపోవడం మొదలవుతుంది. పాలు సరిగా తాగదు, పొట్ట ఉబ్బుతుంది, మాటిమాటికీ జ్వరం. నజర్ తగిలిందని దమ్ చేయిస్తారు, ఐరన్ సిరప్ పోస్తారు. తలసేమియా మేజర్ ఉన్న పిల్లల ఇళ్లలో దాదాపు ఇదే వరుస. మరి పుట్టుకతో వచ్చిన జబ్బు అన్ని నెలలు ఎక్కడ దాక్కుంది?

జవాబు బీసీఎల్11ఏ అనే జన్యువు దగ్గర ఉంది. ఇది మనందరిలో రెండో క్రోమోజోమ్ మీద ఉంటుంది.

తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో హీమోగ్లోబిన్ వేరుగా ఉంటుంది. అందులో ఆల్ఫా, గామా అనే గొలుసులు ఉంటాయి. పుట్టాక కొన్ని నెలల్లో గామా తయారీ తగ్గిపోయి, దాని స్థానంలో బీటా వస్తుంది. బీటా తలసేమియాలో చెడిపోయింది ఈ బీటా జన్యువే. అంటే గామా ఉన్నన్నాళ్లూ బండి నడుస్తుంది. అది ఆగగానే అసలు లోటు బయటపడుతుంది.

ఆ గామాను ఆపేసే పని బీసీఎల్11ఏది. ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌కు వేళ్లలాంటి మడతలు ఉంటాయి. ఒక్కో మడతను ఒక్కో జింకు అణువు పట్టి ఉంచుతుంది కాబట్టి వీటిని జింక్ ఫింగర్లు అంటారు. ఆ వేళ్లతో అది గామా జన్యువు పక్కన డీఎన్‌ఏను పట్టుకుని ‘ఇక చాలు’ అంటుంది. మన పొలాల్లో వేసే జింక్ సల్ఫేట్‌లో ఉండేదీ ఈ జింకే. అలాగని జింక్ మాత్రలు మింగితే తలసేమియా తగ్గదు, ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

కొంతమందికి తలసేమియా ఉన్నా జబ్బు తేలిగ్గా ఉంటుంది. ఎందుకని వెతికితే వాళ్లలో చాలామందికి పెద్దయ్యాక కూడా గామా కొంత మిగిలే ఉంది. 2007, 2008లో జరిగిన పరిశోధనలు ఈ తేడాను బీసీఎల్11ఏ దాకా తెచ్చాయి. ఆ జన్యువును అణిస్తే గామా మళ్లీ పెరుగుతుందని 2008లో అమెరికాలో విజయ్ శంకరన్, స్టూవర్ట్ ఆర్కిన్ బృందం చూపించింది.

అయితే ఈ జన్యువును ఒళ్లంతా ఆపేస్తే కుదరదు. మెదడు ఎదుగుదలకు, రోగనిరోధక కణాలకు కూడా అది కావాలి. 2013లో ఒక దారి దొరికింది: ఎర్ర రక్తకణాల్లో మాత్రమే దాన్ని నడిపే స్విచ్ లాంటి ముక్క. దాని మీద వచ్చిన చికిత్సే కాస్‌జెవీ. రోగి మూలకణాలు తీసి, క్రిస్పర్ అనే పద్ధతితో ఆ స్విచ్‌ను కత్తిరించి, మళ్లీ ఎక్కిస్తారు. బీటీ పత్తిలోలాగా బయటి జన్యువును తెచ్చి పెట్టడం ఇందులో లేదు. అమెరికాలో 2023 డిసెంబరులో సికిల్ సెల్‌కు, 2024 జనవరిలో తలసేమియాకు అనుమతి వచ్చింది, 12 ఏళ్లు దాటినవాళ్లకు.

ధర 22 లక్షల డాలర్లు. నేను బీకాం చదివినవాణ్ణి, లెక్క వేయకుండా ఉండలేను: మన డబ్బులో 18 కోట్ల పైమాటే. మిర్చి యార్డుకు ఎన్ని టిక్కీలు తోలితే వస్తుందది? డబ్బు ఒక్కటే కాదు, ముందు బలమైన కీమో ఇవ్వాలి, దానివల్ల తర్వాత పిల్లలు పుట్టకపోయే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి గుంటూరు, ఒంగోలు వైపు కుటుంబాలకు ఇవాళ్టికి ఉన్నది రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం, ఒంట్లో పేరుకునే ఇనుమును తీసే మందు. లేదంటే ఎముక మజ్జ మార్పిడి. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరిదీ కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. మార్పిడికి కోల్ ఇండియా 2017 నుంచి నడిపే తలసేమియా బాల్ సేవా యోజనలో 10 లక్షల వరకు సాయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తలసేమియా రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా దీన్ని వైకల్యంగా గుర్తించింది.

ఇక రిష్తాల సంగతి. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనే లెక్క తప్పు. ఒక్కరే క్యారియర్ అయితే బిడ్డకు మేజర్ రాదు. అంటే ‘కోడలి రక్తంలో దోషం’ అనే మాటకు అర్థమే లేదు, అబ్బాయి వైపు నుంచి కూడా వస్తేనే జబ్బు. ఖాలా కొడుకు, మామూ కూతురు అని ఇంట్లోనే సంబంధం కలుపుకుంటే ఇద్దరూ ఒకే లోపం మోస్తూ ఉండే అవకాశం పెరుగుతుంది. మేనరికాలు చేసుకునే పక్కింటి హిందూ కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. బయటి సంబంధమైనా భయం పూర్తిగా పోదు.

క్యారియర్‌కు పైకి ఏమీ తెలియదు, మహా అయితే కాస్త రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు నెలల తరబడి వాడినా హీమోగ్లోబిన్ పెరగకపోతే అనుమానించాలి. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేస్తారు, ఫలితం 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియర్ అంటారు. సౌదీలో 2004 నుంచి, ఇరాన్‌లో 1997 నుంచి పెళ్లికి ముందు ఈ పరీక్ష తప్పనిసరి. మన దగ్గర ఎవరూ అడగరు, మనమే అడగాలి. నా మాటేమిటంటే ముందు అబ్బాయికి చేయించండి. అతనికి లేదని తేలితే అమ్మాయిని పరీక్ష అడగాల్సిన పనే ఉండదు. పెళ్లి అయిపోయి కడుపుతో ఉన్నా ఆలస్యం కాలేదు. మొదటి చెకప్‌లోనే అడగండి, ఇద్దరూ క్యారియర్లని తేలితే కడుపులో బిడ్డకు పరీక్ష సాధారణంగా 10, 12 వారాల మధ్య చేస్తారు.