మందు మానేసే ముందు...

ఇంట్లో ఒకరు లేని గొంతులు వింటూ, నిద్ర మాని, అయినవారినే శంకిస్తుంటే మనం ముందుగా తాయెత్తుల కోసం పరుగెత్తుతాము. నెలలు గడిచాక వైద్యుని వద్దకు వెళతాము. కాస్త కోలుకోగానే ‘ఇక చాల’ని మందు మనమే ఆపేస్తాము. ఈ రెండు పొరపాట్లకూ మూల్యం చెల్లించేది రోగియే.

1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజీన్‌ను మానసిక రోగులకు వాడిన నాటినుండి ఈ ఔషధాలపై పరిశోధన సాగుతూనే ఉంది. 2012లో లాన్సెట్ వైద్యపత్రిక ప్రచురించిన సమీక్ష 65 ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించింది. స్కిజోఫ్రీనియా రోగులలో మందు కొనసాగించినవారిలో ఏడాదిలోపు 27 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది; మందు ఆపి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 64 శాతం మందికి తిరగబెట్టింది.

అలాగని ఇవి దోషరహితాలు కావు. కొన్నింటితో శరీర బరువు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. కొన్నింటితో చేతులు వణుకుతాయి. ఇతర మందులకు లొంగని వ్యాధికి క్లోజపిన్ ఉపకరిస్తుంది. కాని అరుదుగా తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి గనుక క్రమంతప్పని రక్తపరీక్ష తప్పనిసరి. ఇబ్బంది కలిగితే వైద్యునికి చెప్పి మోతాదునో, మందునో మార్పించుకోవాలి, చెప్పకుండా ఆపరాదు.

చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. కనుక దుఆకు, మందుకు వైరం లేదు. రమజాను రాకమునుపే వైద్యుని సంప్రదించి మాత్రల వేళలను సహరీ, ఇఫ్తార్‌లకు సర్దుకోవచ్చు. అది వీలుకానప్పుడు రోగికి ఉపవాసం నుండి అల్లాహ్ సడలింపు ప్రసాదించాడు. స్వస్థత ఆయన చేతిలో ఉంది. రోగి చేయి విడువకుండా ఉండటం మన చేతిలో ఉంది.