ఆసనమున చీలిక: ఇంటి చికిత్స, ముందు జాగ్రత్త

పన్ను నొప్పి పుట్టినచో ఇంటిల్లిపాదికిని చెప్పుకొందుము. కడుపు నొప్పి వచ్చినచో పొరుగువారినైనను సలహా అడుగుదుము. ఆసనమున బాధ కలిగినప్పుడు మాత్రము నోరు మెదపము. యాకుత్‌పురా వంటి పాతబస్తీ పేటలలో, ఇరుకు సందులలో, పదిమందికి ఒకే మరుగుదొడ్డి గల ఉమ్మడి ఇండ్లలో ఈ మౌనము మరింత గట్టిది. చిన్న గాయమును దీర్ఘవ్యాధిగ మార్చునది తరచు ఈ మౌనమే. కావున సంకోచము విడిచి, ఈ విషయమును విప్పి చెప్పుటకు పూనుకొంటిమి.

గట్టి మలము ఒరసికొని వెడలునప్పుడు ఆసనద్వారమునందలి పలుచని పొర చిట్లును. ఈ చీలికనే వైద్యులు ఫిషర్ అందురు. ఆయుర్వేదమున దీనికి పరికర్తిక అని పేరు; కత్తిరించినట్లుండు బాధ అని ఆ మాటకు భావము. మలవిసర్జన వేళ కోసినట్టి నొప్పి, పిదప కొంత సేపో, గంటల కొలదియో మంట, మలముపై ఎర్రని నెత్తుటి చార - ఇవి దీని గురుతులు. ఆసనమున ఏ బాధ కలిగినను బవాసీర్ అనియో, మొలలు అనియో అనుట మనలో వాడుక. కాని లోపలి మొలలనుండి నెత్తురు పడునప్పుడు సాధారణముగ నొప్పి యుండదు. చీలికకు నొప్పియే ప్రధాన లక్షణము. కాన్పు తరువాత స్త్రీలకును, మలబద్ధము గల పసివారికిని ఇది కలుగుచుండును.

ఇంత చిన్న గాయము ఏల త్వరగా మానదు? ఆసనద్వారమును మూసియుంచు కండరములలో లోపలిది మన ఇచ్ఛకు లోబడినది కాదు. నొప్పి తగులగనే అది బిగుసుకొనును. అది బిగిసినచో గాయమునకు రక్తము చాలినంత అందదు. రక్తము అందని గాయము మానదు. దీనికి తోడు, నొప్పికి వెరచి మనము మలవిసర్జనను వాయిదా వేయుదుము. ఆలోగా పెద్దప్రేగు మలములోని నీటిని ఇంకను పీల్చివేయును. గట్టిపడిన మలము మరునాడు అదే చోటును మరల చీల్చును. ఈ చక్రమును ఆపుటయే చికిత్స. అందులకు కావలసిన సామగ్రిలో పెక్కు భాగము ఇంటిలోనే కలదు.

మొదటిది, మలమును మెత్తపరచుట. పెద్దవారికి దినమునకు 25 నుండి 30 గ్రాముల పీచుపదార్థము కావలెను. కుల్చా, లుఖ్మీ, ఉస్మానియా బిస్కత్తు - ఇవన్నియు మైదాతో చేసినవి. వానిలో పీచు స్వల్పము. మాంసమున పీచు బొత్తిగ లేదు. బిర్యానీని మానుమని మేము చెప్పము; దాని ప్రక్కన కూరగాయలకును చోటిమ్మని మాత్రమే కోరుదుము. జొన్నరొట్టె, ఖట్టీ దాల్, తోటకూర, బీరకాయ, జామపండు, అంజీరు - ఇవి మనకు తెలిసినవే. 100 గ్రాముల జామపండులో 5 గ్రాములకు పైగా పీచు కలదు. గాయము మానువరకు మిరపకారము తగ్గించినచో మంట తగ్గును.

ఆహారము చాలనిచో ఇసబ్‌గోలు కలదు. గుర్రపు చెవి అను అర్థము గల పారసీక పదమునుండి దానికీ పేరు వచ్చినది. గింజ ఆకారము అట్టిది. రాత్రివేళ ఒకటి, రెండు చెంచాల పొట్టును నిండు గ్లాసెడు నీటిలో కలిపి వెంటనే త్రాగవలెను. నీరు చాలనిచో అది మేలునకు మారుగ కీడే చేయును. రంజాను ఉపవాసములలో ఇఫ్తారు మొదలు సహరీ వరకు నీటిని కొంచెము కొంచెముగ పలుమారులు త్రాగుట అవసరము.

రెండవది, గోరువెచ్చని నీరు. వెడల్పాటి తొట్టిలో నీరు పోసి, మణికట్టుతో వేడిమి చూచి, నడుము క్రింది భాగము మునుగునట్లు 10 నుండి 15 నిమిషములు కూర్చుండవలెను. దినమునకు రెండు మూడు మారులు, ముఖ్యముగ మలవిసర్జన పిదప, ఇట్లు చేసినచో బిగిసిన కండరము సడలును. ఆ నీటిలో క్రిమిసంహారక ద్రావకములు కలుపరాదు. సబ్బుతో రుద్దక, మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్దుట చాలును.

మూడవది, అలవాటు. పిలుపు వచ్చినప్పుడు వెళ్లవలెను, ముక్కరాదు, ఫోను చేతబట్టి అచ్చట కూర్చుండరాదు. ఎత్తు పీటపై కూర్చుండువారు పాదముల క్రింద చిన్న ముక్కాలిపీట వేసికొనుట మంచిది. ఇంటి పెద్దలకొక మనవి: ఉదయము పురుషులును, బడిపిల్లలును ముగించువరకు ఇల్లాలు ఆపుకొనవలసిన యేర్పాటును మార్చుడు. ఇదియు చికిత్సయే.

కొత్త చీలికలలో పెక్కు ఈ జాగ్రత్తలతో ఆరు వారములలోపల మానును. మాననిచో పేటలోని బస్తీ దవాఖానాలోనైనను వైద్యునికి చూపవలెను. కండరమును సడలించు లేపనములు కలవు. అవి వైద్యుడు చెప్పిన మేరకే వాడవలెను. లేపనములు పనిచేయనప్పుడు ఆ కండరమున కొంత భాగమును కోయు చిన్న శస్త్రచికిత్స కలదు. జ్వరముతో వాపు, నల్లని మలము, అధిక రక్తస్రావము, బరువు తగ్గుట, మలవిసర్జన తీరు మారుట, చీలిక ప్రక్కవైపున ఉండుట - వీనిలో ఏది యున్నను ఇంటి వైద్యముతో కాలయాపన చేయరాదు. క్షయ, ప్రేగుల వాపు, క్యాన్సరు వంటి వ్యాధులు దాని వెనుక దాగియుండవచ్చును. గోడలమీది ప్రకటనలను నమ్మి, అర్హత లేనివారిచే సూదులు వేయించుకొనుట మిక్కిలి ప్రమాదకరము.

గాయము మానిన పిదపను ఆహారనియమమును విడువరాదు. విడిచినచో చీలిక మరల రావచ్చును. ఇంటిలో ఎవరైనను విసర్జనకు వెరచుచున్నట్లు తోచినచో, వారంతట వారు చెప్పువరకు వేచియుండక, మీరే మెల్లగ అడుగుడు.