ధ్వనీకరణం – ఎలక్ట్రోఅకౌస్టిక్ సంగీతం: పరస్పర సంబంధం

వ్యాససంగ్రహం:
సంఖ్యారూపంలోని సమాచారాన్ని మాటలు కాని ధ్వనిగా మార్చి వినిపించే పద్ధతి సోనిఫికేషన్. ఈ వ్యాసంలో దీనిని 'ధ్వనీకరణం' అని వ్యవహరించడం జరిగింది. ధ్వనిముద్రణ, విద్యుత్ పరికరాలు, లౌడ్‌స్పీకర్ల ఆధారంగా రూపొందే ఎలక్ట్రోఅకౌస్టిక్ సంగీతానికీ, ధ్వనీకరణానికీ సాధనాలు చాలావరకు ఉమ్మడివి, లక్ష్యాలు వేరు. ఆల్విన్ లూసియర్, చార్లెస్ డాడ్జ్‌ల కృతుల ఆధారంగా ఈ రెండింటి సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ధ్వనీకరణం, ఎలక్ట్రోఅకౌస్టిక్ సంగీతం, దత్తాంశం, శ్రవణం, లూసియర్, డాడ్జ్.

1. ఉపోద్ఘాతం:
శస్త్రచికిత్స జరిగే గదిలో పల్స్ ఆక్సీమీటర్ రోగి ప్రతి నాడీస్పందనకూ ఒక శబ్దం చేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ శాతం తగ్గేకొద్దీ ఆ శబ్దం మంద్రంలోకి దిగుతుంది. మత్తువైద్యులు తెరవైపు చూడకుండానే ప్రమాదాన్ని గ్రహించగలుగుతారు. ధ్వనీకరణానికి ఇది నిత్యవ్యవహారంలోని ఉదాహరణ. ఇదే పద్ధతిలో పుట్టిన ధ్వనిని కచేరీ మందిరంలో వినిపిస్తే అది సమాచారమవుతుందా, సంగీతమవుతుందా అన్నది ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

2. రెండు రంగాల నేపథ్యం:
1948లో పారిస్‌లో పియర్ షెఫర్ రైళ్ల శబ్దాలను రికార్డు చేసి, వాటినే సామగ్రిగా చేసుకొని కృతిని నిర్మించాడు. 1950ల ఆరంభంలో జర్మనీలోని కొలోన్ రేడియో స్టూడియోలో విద్యుత్ పరికరాలతో పుట్టించిన ధ్వనులతో రచనలు మొదలయ్యాయి. ఈ రెండు ధోరణుల కలయికే ఎలక్ట్రోఅకౌస్టిక్ సంగీతం.

ధ్వనీకరణం ప్రత్యేక పరిశోధనారంగంగా రూపుదిద్దుకున్నది ఆ తర్వాతే. 1992లో గ్రెగరీ క్రేమర్ చొరవతో అమెరికాలోని శాంటా ఫేలో ఈ రంగానికి సంబంధించిన తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. 2008లో థామస్ హెర్మన్ దీనికి శాస్త్రీయ నియమాలను ప్రతిపాదించాడు. వాటి ప్రకారం ధ్వని దత్తాంశంలోని లక్షణాలను ప్రతిబింబించాలి. మార్పిడి విధానం క్రమబద్ధంగా ఉండాలి. అదే దత్తాంశానికి మళ్లీ అదే ఫలితం రావాలి. వేరే దత్తాంశానికీ ఆ విధానం పనికిరావాలి.

3. రెండు విధాల శ్రవణం:
షెఫర్ సిద్ధాంతంలో కీలకమైన భావన ఒకటుంది. శబ్దం దేనినుంచి వచ్చింది, దాని అర్థమేమిటి అన్న ఆలోచనను పక్కనపెట్టి, శబ్దాన్ని శబ్దంగానే వినాలని ఆయన సూచించాడు. ధ్వనీకరణం కోరేది దీనికి పూర్తిగా విరుద్ధమైన శ్రవణాన్ని. అక్కడ శబ్దం వెనుక ఉన్న విషయమే ముఖ్యం. పల్స్ ఆక్సీమీటర్ శబ్దంలోని మాధుర్యాన్ని ఆస్వాదిస్తూ కూర్చునే వైద్యుడు తన బాధ్యతను మరచినట్లే.

4. లూసియర్ కృతి – సంకేతమే వాద్యకారుడు:
ఆల్విన్ లూసియర్ 1965లో ప్రదర్శించిన 'మ్యూజిక్ ఫర్ సోలో పెర్ఫార్మర్'లో కళాకారుడు తలకు ఎలక్ట్రోడ్లు అమర్చుకొని నిశ్చలంగా కూర్చుంటాడు. కళ్లు మూసుకొని విశ్రాంతిగా ఉన్నప్పుడు మెదడులో ఆల్ఫా తరంగాలు బలపడతాయి. వీటి పౌనఃపున్యం సుమారు 8 నుంచి 13 హెర్ట్జ్. మానవశ్రవణానికి దిగువ హద్దు 20 హెర్ట్జ్ కనుక వీటిని నేరుగా వినలేం. లూసియర్ ఈ సంకేతాన్ని పెంచి లౌడ్‌స్పీకర్లకు పంపాడు. వాటి కంపనాలు దగ్గర ఉంచిన తాళవాద్యాలను మోగించాయి. ఇక్కడ ధ్వనికీ మెదడులోని స్థితికీ భౌతికమైన అనుబంధం ఉంది. అయినా మెదడు గురించి శ్రోతకు ఏదైనా నేర్పడం లూసియర్ లక్ష్యం కాదు.

5. డాడ్జ్ కృతి – ఎంపికల పాత్ర:
చార్లెస్ డాడ్జ్ 1970లో కంప్యూటర్ సాయంతో రూపొందించిన 'ఎర్త్స్ మాగ్నెటిక్ ఫీల్డ్'కు 1961 సంవత్సరపు భూ అయస్కాంత సూచీలు ఆధారం. కేపీ అనే ఈ సూచీని ప్రతి మూడు గంటలకు ఒకటి చొప్పున నమోదు చేస్తారు. అంటే రోజుకు 8, ఏడాదికి 2,920 విలువలు. సూచీ 0 నుంచి 9 వరకు మొత్తం 28 మెట్లుగా ఉంటుంది.

డాడ్జ్ ఈ విలువలను స్వరాలుగా మార్చాడు. అయస్కాంతక్షేత్రం ఏ క్రమంలో ఎగసిందో, శాంతించిందో స్వరాల క్రమం అదే చెబుతుంది. కానీ ఏ స్వరశ్రేణిని వాడాలి, ఏ ధ్వనిగుణం ఇవ్వాలి అన్నవి స్వరకర్త నిర్ణయాలు. సంగీతపు మెట్లపై అమర్చిన ఏ సూచీ అయినా శ్రావ్యంగా వినిపించవచ్చు. ఆ శ్రావ్యత స్వరశ్రేణిది, భూమిది కాదు. ఈ తేడా తెలియని శ్రోత ప్రకృతే అలా పాడిందని భ్రమపడే అవకాశం ఉంది.

6. సరిహద్దు ఎక్కడ?
రెండింటినీ వేరుచేయడానికి ఒక పరీక్ష ఉపకరిస్తుంది. దత్తాంశాన్ని మార్చివేస్తే శ్రోత ఆ మార్పును గుర్తించగలగాలా? ధ్వనీకరణంలో గుర్తించలేకపోతే అది లోపం. సంగీతంలో అది లోపం కానక్కరలేదు; కృతి శబ్దనిర్మాణంగా నిలబడితే చాలు. కాబట్టి భేదం శబ్దంలో లేదు, శ్రోతకు ఇచ్చిన హామీలో ఉంది. చూపులేని పరిశోధకుడు గ్రాఫుకు బదులుగా ధ్వనిపై ఆధారపడినప్పుడు ఈ హామీ మరింత విలువైనది. అందం కోసం ఒక విలువను సవరిస్తే, అతడికి అందవలసిన సాక్ష్యమే మారిపోతుంది.

7. ముగింపు:
ధ్వనీకరణం, ఎలక్ట్రోఅకౌస్టిక్ సంగీతం ఒకే పరికరాలను, ఒకే శబ్దసామగ్రిని పంచుకుంటాయి. వినదగిన ధ్వనిని ఎలా తీర్చాలో శాస్త్రజ్ఞుడు స్వరకర్త నుంచి నేర్చుకోవచ్చు. మానవసంకల్పానికి అతీతమైన క్రమాలను స్వరకర్త దత్తాంశం నుంచి పొందవచ్చు. ఒకే కృతి రెండు పాత్రలనూ పోషించవచ్చు. అయితే ఏ అంశం దత్తాంశం నుంచి వచ్చిందో, ఏది రచయిత ఎంపికో స్పష్టంగా ప్రకటించాలి. అప్పుడే శ్రోత తాను వింటున్నది ప్రకృతినా, కళాకారుణ్ణా, ఇద్దరినీ కలిపా అన్నది తెలుసుకొని వినగలుగుతాడు.