ఐసోటోపు అంటే ఆటంబాంబు కాదు

"అమ్మాయి బాగానే ఉందండీ. కానీ ఆ ఐసోటోపులతో పనంటున్నారు. రేపు పిల్లాపాపల సంగతేంటి?"

మా మేనకోడలిని చూసి వెళ్లిన ఒంగోలు వాళ్ల కబురిది. మా అన్నయ్యది గుంటూరు పక్కన మిర్చి సేద్యం. కల్లంలో కాయలు ఆరబోస్తూ ఫోన్లో విన్నాడట. ఆ సాయంత్రమే హైదరాబాద్‌కి ఫోన్ చేసి, "ఆ రీసెర్చి మానేసి వచ్చెయ్యమ్మా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ గుండె గుభేలుమంది. డిగ్రీలో చదివిన సైన్సు ఎప్పుడో మర్చిపోయానాయె.

సెలవులకొచ్చినప్పుడు పిల్లని కూర్చోబెట్టి అడిగాను. "అత్తా, నాన్న చేలో వేసే యూరియాలో ఏముంటుంది?" అని ఎదురడిగింది. నత్రజని. అందులోనే రెండు రకాలట. పద్నాలుగు బరువుది ఒకటి, ఒక న్యూట్రాన్ ఎక్కువై పదిహేను బరువుది ఇంకొకటి. వెయ్యి పరమాణువుల్లో నాలుగు దాకా ఈ బరువైనవే - గాలిలో, మన కందిపప్పులో, మన ఒంట్లో కూడా. వీటినుంచి ఏ కిరణాలూ రావు. కిరణాలు వెలువరించే ఐసోటోపులు వేరే ఉన్నాయి, కార్బన్-14 లాంటివి. మనమేమో అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం.

మణుగూరు భారజలం సంగతీ అడిగాను. 1991లో మొదలైన ఆ కర్మాగారంలో బరువైన హైడ్రోజన్ ఉన్న నీటిని వేరుచేస్తారు. అణు రియాక్టర్లకి వెళ్తుంది కాబట్టి మనకి భయం గానీ, ఆ నీటికీ తనంతట తానుగా రేడియోధార్మికత లేదట.

తను పెంచేది మన పొగాకు జాతికే చెందిన ఓ చిన్న మొక్క. మట్టిలో మామూలు నత్రజని ఉంటుంది గనుక మట్టిలో పెట్టరు. వేళ్లని నీళ్లలోనే ఉంచి, బరువైన నత్రజనితో చేసిన నైట్రేటు ఒక్కటే ఎరువుగా ఇస్తారు. తిన్నది అదే కాబట్టి మొక్క చేసే ప్రొటీన్లలోనూ అదే చేరుతుంది. ఆ ప్రొటీన్ని వేరుచేసి ఎన్ఎంఆర్ యంత్రంలో పెడతారు. మన ఎంఆర్ఐ స్కానింగుకి అక్కలాంటిదన్నమాట. మామూలు నత్రజని అందులో సరిగా తెలియదు, బరువైనది స్పష్టంగా తెలుస్తుంది. దాన్నిబట్టి ప్రొటీన్ ఎక్కడ మడతపడిందో, మందు దానికి ఎక్కడ అతుక్కుంటుందో చూస్తారు. ఎన్ఎంఆర్‌తో ప్రొటీన్ల ఆకారం కనుక్కునే పద్ధతికే కుర్ట్ వూత్రిచ్‌కి 2002లో నోబెల్ వచ్చింది. మామూలుగా ఈ పని బాక్టీరియాతో చేస్తారు, చవక. కానీ కొన్ని ప్రొటీన్లకి తగిలించాల్సిన చక్కెర గొలుసులు బాక్టీరియాకి చేతకావు, మొక్కకి వచ్చు. ఆ నైట్రేటు ఖరీదు తల్చుకుంటే మాత్రం, చుక్క ఒలికినా నెయ్యి ఒలికినట్టే ఉంటుందంది.

అన్నయ్య అంతసేపూ వింటూనే ఉన్నాడు. "మరి నేను వేసే యూరియాలో మొక్క తినేదెంత?" అన్నాడు.

"అదీ దీనితోనే కొలుస్తారు నాన్నా. బరువైన నత్రజని ఉన్న యూరియా వేసి, మొక్కలో ఎంత చేరిందో చూస్తారు. చాలాచోట్ల సగం కూడా పంటకి అందడం లేదని తేలింది."

"సగం బస్తా గాలికీ నీళ్లకీనా!" అంటూ లేచి నిలబడ్డాడు. రీసెర్చి మానమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఒంగోలావిడకి నేనే ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గానే విన్నారు. "నాకు తెలిసింది లెండి. మావాళ్లు ఒప్పుకోరు" అన్నారు.

పిల్ల ఆదివారం రాత్రి బస్సుకే వెళ్లిపోయింది. సోమవారం మొక్కలకి నీళ్లు మార్చాలట.