చేతికి బలం ఒక్కటే ఎందుకు చాలదు?

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కొందరు జేబులో చెయ్యి పెట్టి, తగిలింది తాళంచెవో నాణెమో చూడకుండా చెప్పలేరు. ఎందుకు? లోపం చేతిలో కాదు, ఎదిగే దశలోనే దెబ్బతిన్న మెదడులో ఉంది. అక్కడ కదలికతో పాటు స్పర్శను గుర్తించే దారులూ దెబ్బతినవచ్చు. పట్టు ఎంత బిగించాలో చెప్పేది స్పర్శే. ఆరోగ్యవంతుల వేలికొనలకు మత్తుమందు ఇచ్చి చేసిన ప్రయోగాల్లో, కండరాలు బాగున్నా పట్టు తడబడింది. అందుకే వ్యాయామంతో పాటు స్పర్శకూ శిక్షణ కావాలి.

మెదడుకు తగిలిన గాయం పోదు కదా, సాధన దేనికి అనవచ్చు. గాయం పోదు, కానీ సాధనతో మెదడు మిగిలిన దారులను బలపరుచుకోగలదు. అందుకే థెరపిస్టులు బియ్యంలో దాచిన బొమ్మలను తడిమి కనుక్కోమంటారు. ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. అయినా సొంతంగా బొత్తాం పెట్టుకోగలగడం పెద్ద విజయమే. తొందరపెట్టకుండా ఆ పిల్లలకు సమయమివ్వడం మన బాధ్యత.