అర్జీ అనే మాటలోని మర్యాద

నరసరావుపేట 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లాకు కేంద్రమైనది. గుంటూరు దాకా పోనక్కరలేక, ఈ ప్రాంతపు ప్రజలు పింఛనుకూ పట్టాకూ ఇక్కడే అర్జీ పెట్టుకుంటున్నారు. ఈ ‘అర్జీ’ అనే మాట ఎక్కడిది? అరబ్బీలో ‘అర్జ్’ అంటే ఎదుట ఉంచడం, చూపడం. పార్సీ, ఉర్దూల మీదుగా అది మన కచేరీలకు చేరింది. చిత్రమేమంటే మన ‘విన్నపం’ కూడా అటువంటిదే. ‘విజ్ఞాపనం’ నుండి వచ్చింది, తెలియజేయడమని అర్థం. రెండింటిలోనూ అడగడమనేది లేదు. నా సంగతి మీ ముందుంచాను, నిర్ణయం మీది అనడమే ఉన్నది. సహాయం కోరడంలోని మర్యాదంతా ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

అనువాదకులకు ‘దయచేసి’ ఒక ఊతకర్ర. ఉర్దూలో ‘మెహర్బానీ కర్కే’ కనబడగానే దానిని పెట్టివేస్తాము. మాచర్ల సంతలో ఆ మాట ఎవరంటారు? “కాస్త ఈ టిక్కీ ఎత్తు నాయనా” అంటుంది మిరపకాయలు తెచ్చిన ఆవిడ. ‘కాస్త’తో బరువు తగ్గింది, ‘నాయనా’తో వరస కలిసింది. “వీలైతే రేపు బండి ఇస్తావా మామా?” అన్నప్పుడు ఆ ప్రశ్నే “వీలుకాదురా” అనడానికి దారి వదిలింది.

కహఫ్ సూరా (18:66)లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ప్రవక్త అయి ఉండీ, ఒక దైవదాసుని వద్ద జ్ఞానం కోరినప్పుడు, వెంట రావచ్చునా అని ప్రశ్నగానే అడిగారు. నాతో ఓర్చుకోలేవని ఆయన నిర్మొహమాటంగా చెప్పగలిగారు. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) అయితే (21:83) ఇది కావాలని అననే లేదు. తనకు బాధ కలిగినదనీ, ప్రభువు కరుణామయుడనీ మాత్రమే మొరపెట్టుకున్నారు. అసలైన అర్జీ అది.

మెత్తని మాటకు మరొక ముఖమూ ఉన్నది. పల్నాటి వీరగాథలో నాగమ్మ రాజుకు చక్కని ఆతిథ్యమిస్తుంది. రాజు సంతోషించి కోరుకొమ్మంటాడు. ఆమె ఏడు ఘడియల మంత్రిత్వం అడుగుతుంది. ఘడియకు 24 నిమిషాల లెక్కన మూడు గంటలైనా కాదు. ఎంత వినయమైన కోరిక! అయితే కోరిక ఏమిటో తెలియకముందే రాజు మాట ఇచ్చివేశాడు. కాదనే దారి అప్పటికే మూసుకుపోయింది. ఆ ఏడు ఘడియలు ఎంతదూరం పోయినవో పల్నాటివారికి చెప్పనక్కరలేదు. విందు పెట్టి, నలుగురిలో పొగిడి, ఆపైన అప్పు పత్రం మీద హామీ సంతకం అడిగేవారు నేటికీ మన ఊళ్ళలో కొదవా?

మర్యాదగా అడిగితే పని జరిగి తీరుతుందనీ కాదు. అదే గాథలో అలరాజు, నలగామరాజుకు స్వయాన అల్లుడు, రాజ్యభాగం కోసం రాయబారిగా గురజాల వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. వినేవానికి మర్యాద లేనిచోట అడిగేవాడు ఏమి చేయగలడు? కనుకనే ఖుర్ఆన్ వినేవానికీ కట్టడి చేసింది: యాచకుని కసరరాదు (93:10), ఇచ్చి నొప్పించే దానం కంటే మంచి మాట మేలు (2:263). పింఛను మంజూరు చేయడం తన చేతిలో లేకపోయినా, “రేపు రా” అని తిప్పక, ఏ కాగితం తక్కువైనదో ముసలామెను కూర్చోబెట్టి చెప్పే గుమాస్తా ఆ మంచి మాట పలికినట్లే.